బ్రోచర్‌లో లేని మామ్మ

ప్రశ్న: మేము విశాఖపట్నం మధురవాడలో ఉంటాం. నేను ఋషికొండ మీద ఒక ఐటీ కంపెనీలో పనిచేస్తున్నాను, మా వారిది పోర్టులో ఉద్యోగం. బాబుకు మూడేళ్ళ నాలుగు నెలలు. ఎం.వి.పి. కాలనీలో ఒక పేరున్న ప్రీస్కూల్ చూశాం. ఏడాదికి 1,20,000 రూపాయలు, వ్యాను ఖర్చు వేరు. తమ చదువంతా అంతర్జాతీయ పరిశోధనల మీద ఆధారపడినదని బ్రోచర్‌లో వేశారు. ‘మెదడు ఎదుగుదల 85 శాతం ఆరేళ్ళలోపే’, ‘ఇప్పుడు పెట్టే ప్రతి రూపాయి మీద ఏటా 13 శాతం రాబడి’ అని ఒక నోబెల్ గ్రహీత ఫొటో పక్కన ఉంది. ఈ ఏడాదే రాయడం, చదవడం మొదలుపెడతారట. ఇంట్లో కూడా అందరూ ఇంగ్లీషే మాట్లాడాలన్నారు. మా అత్తగారిది భీమిలి దగ్గర పల్లె. పగలంతా బాబును ఆవిడే చూసుకుంటారు. ఈ మాట చెప్పినప్పటి నుంచి ఆవిడ బాబుతో మాట్లాడడమే తగ్గించేశారు. మా వీధి చివర అంగన్‌వాడీ ఉంది గానీ, అక్కడ వేస్తే నలుగురూ ఏమనుకుంటారోనని సంకోచం. ఈ ఏడాది వదిలేస్తే బాబు వెనకబడిపోతాడా? నెలాఖరులోగా అడ్వాన్సు కట్టాలి. ఏం చేయమంటారు?

జవాబు:

అమ్మా, మీరు అడిగింది బడి గురించి. నేను ఆగిపోయింది మాత్రం ఉత్తరం మధ్యలో మీరు మామూలుగా రాసేసిన వాక్యం దగ్గర. మీ అత్తగారు బాబుతో మాట్లాడడం తగ్గించేశారన్నారు చూడండి, అక్కడ. ఫీజు, అడ్వాన్సు సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆవిడ నోరు తెరిపించాలి. ఇది పెద్దరికం కోసం చెబుతున్న మాట అనుకోకండి. ఆ బ్రోచర్ ఏ పరిశోధనల పేరు చెప్పుకుంటోందో, వాటిలో ఒకటి చెబుతాను.

1986–87లో జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో సాలీ గ్రాంథమ్-మెక్‌గ్రెగర్ అనే వైద్యురాలు, ఆమె సహచరులు పేదవాడల్లో 129 మంది పసిపిల్లలను ఎంచుకున్నారు. తొమ్మిది నెలల నుంచి రెండేళ్ళ లోపు వయసు, తిండి చాలక ఎదుగుదల గిడసబారిన పిల్లలు. కొందరికి పాలపొడి ఇచ్చారు. కొందరి ఇళ్ళకు వారానికి ఒక గంట ఒక మనిషి వెళ్ళేది. కొందరికి రెండూ అందాయి, కొందరికి ఏదీ అందలేదు. ఇంటికి వెళ్ళిన ఆ మనిషి పెద్ద చదువులు చదివిన టీచరు కాదు, మన ఆశా కార్యకర్త లాంటి ఆరోగ్య సహాయకురాలు. సంచిలో ఏముండేవి? ఖాళీ ప్లాస్టిక్ సీసాలు, డబ్బాలు, గుడ్డపీలికలతో చేసిన బొమ్మలు, చేత్తో గీసిన బొమ్మల పుస్తకాలు. తల్లి ఎదుట పిల్లాడితో ఆడేది, తల్లి చేత ఆడించేది, మాట్లాడించేది. వెళ్ళేటప్పుడు బొమ్మ అక్కడే వదిలి, మళ్ళీ వారం వచ్చి అది తీసుకుని ఇంకొకటి ఇచ్చేది. రెండేళ్ళు సాగింది, అంతే.

ఇరవై ఏళ్ళ తర్వాత వాళ్ళను వెతికి పట్టుకుని చూస్తే, ఆ గంటసేపు ఆటలు దక్కిన పిల్లల సంపాదన దక్కని వాళ్ళకంటే 25 శాతం ఎక్కువ ఉంది. పాలపొడి మాత్రమే అందిన వాళ్ళలో అలాంటి తేడా నిలవలేదు. ఈ ఫలితాలు 2014లో ‘సైన్స్’ పత్రికలో వచ్చాయి. వ్యాసం రాసిన వాళ్ళలో జేమ్స్ హెక్‌మన్ ఒకరు. 2000లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ తీసుకున్న ఆయన. మీ బ్రోచర్‌లో ఫొటో ఆయనదే అయి ఉండాలి, ఎందుకంటే ఆ 13 శాతం లెక్క ఆయనదే. రెండు చోట్లా ఉన్న పెద్దమనిషి ఒక్కడే. వాళ్ళు వేసుకున్నది ఒక వాక్యం, వదిలేసింది జమైకా మొత్తం.

ఇప్పుడు ఆ 13 శాతం ఎక్కడిదో చూద్దాం. అమెరికాలో ఉత్తర కరోలైనాలో 1972లో మొదలైన ఒక కార్యక్రమం, దానికి చెల్లెలు లాంటి మరొకటి, రెండింటినీ కలిపి కట్టిన లెక్క అది. నిరుపేద కుటుంబాల పిల్లలను నెలల వయసులో తీసుకుని ఐదేళ్ళు వచ్చేదాకా, రోజంతా, ఏడాది పొడవునా చూసుకున్నారు. తిండి, వైద్యం అక్కడే. తర్వాత పెద్దయ్యాక వాళ్ళ ఆరోగ్యం ఎలా ఉంది, జైళ్ళ ఖర్చు ఎంత తగ్గింది, బిడ్డకు చూసుకునే చోటు దొరికినందుకు తల్లులు ఉద్యోగం చేసి ఎంత సంపాదించారు, ఇవన్నీ కలిపి సమాజానికి వచ్చిన లాభం 13 శాతం అన్నారు. మీ 1,20,000 రూపాయలకు ఆ లెక్కకు చుట్టరికం లేదు. బ్యాంకు ఫిక్స్‌డ్ డిపాజిట్ కాగితం మీద రాసినట్టు ఒక పిల్లవాడి మీద 13 శాతం అని రాయడం చూస్తే నాకు నవ్వూ వస్తుంది, కోపమూ వస్తుంది.

ఇంకొక అమెరికా ప్రయోగం ఉంది, ప్రీస్కూల్ అనగానే అందరూ తలుచుకునేది. 1962లో మిషిగన్ రాష్ట్రంలోని ఇప్సిలాంటి ఊళ్ళో మొదలైన పెర్రీ ప్రీస్కూల్. 123 మంది నల్లజాతి పేదపిల్లలు. వాళ్ళలో 58 మంది బడికి వచ్చారు, మిగతావాళ్ళు రాలేదు. ఉదయం రెండున్నర గంటల బడి. ఐదారుగురు పిల్లలకు ఒక టీచరు. ఈరోజు ఏం ఆడతావో నువ్వే చెప్పు, ఆడు, తర్వాత ఏం చేశావో వచ్చి చెప్పు, ఇదీ రోజువారీ పద్ధతి. పిల్లల తెలివితేటల పరీక్షల్లో మొదట మార్కులు బాగా పెరిగాయి, కొన్నేళ్ళకే ఆ పెరుగుదల కరిగిపోయింది. ఇక్కడితో ఆపి ఉంటే ఇదంతా దండగ అనేవారు. నలభై ఏళ్ళు వచ్చేదాకా వెంటపడి చూస్తే బడికి వచ్చినవాళ్ళు ఎక్కువమంది హైస్కూలు గట్టెక్కారు, ఎక్కువ సంపాదించారు, తక్కువసార్లు అరెస్టయ్యారు. మార్కులు కరిగిపోయినా మిగిలినదేదో ఉంది. పట్టుదల, పని పూర్తిచేసే అలవాటు, నలుగురితో మెలిగే తీరు అని హెక్‌మన్ వాదన. ఈ కథలో ఎవరూ చెప్పని ముక్క మరొకటి ఉంది. ఆ టీచర్లు వారానికోసారి గంటన్నర సేపు ప్రతి పిల్లవాడి ఇంటికీ వెళ్ళేవారు. మీరు చూసిన బడిలో ఎవరైనా మధురవాడ దాకా వచ్చి మీ అత్తగారి పక్కన కూర్చుంటారా? ఊరికే అడిగి చూడండి, మొహాలు చూడవచ్చు.

85 శాతం మాటకు వస్తే, అది మన జాతీయ విద్యా విధానం 2020లో ఉన్నదే. తప్పుగా రాయలేదు, కానీ భయపెట్టేలా రాశారు. ఆరేళ్ళకు మెదడు పరిమాణం దాదాపు పెద్దవాళ్ళ మెదడంత అవుతుంది, నిజమే. ఆరో పుట్టినరోజు నాడు తలుపు మూసుకుంటుందని దాని అర్థం కాదు. మెదడులో అల్లికలు, కత్తిరింపులు ఇరవై దాటాక కూడా సాగుతూనే ఉంటాయి. పైగా ఆ వాక్యం రాసిన విధానపత్రమే మూడు నుంచి ఎనిమిదేళ్ళ దాకా ఒకే పునాది దశ అని, అది ఆటపాటలతో నడవాలని, చదువు వీలైనంత వరకు ఇంటి భాషలో ఉండాలని చెప్పింది. బ్రోచర్ వేసినవాళ్ళు పేజీ తిప్పలేదు.

అయితే ప్రీస్కూల్ అంటూ ఏదో ఒకటి ఉంటే మేలే కదా, నష్టమేముంది అంటారేమో. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. మా అబ్బాయిని మూడేళ్ళకే ఒక బడిలో వేశాను. ఏడాది తిరిగేసరికి ఏ నుంచి జెడ్ దాకా, ఒకటి నుంచి వంద దాకా గడగడా అప్పజెప్పేవాడు. ఎవరైనా నీ పేరేమిటని పలకరిస్తే నా చీరచెంగు వెనక దాక్కునేవాడు. చుట్టాలు మొదటిది విని చప్పట్లు కొట్టేవాళ్ళు, రెండోది నేనొక్కదాన్నే చూసేదాన్ని.

2022లో అచ్చయిన టెనెసీ అధ్యయనం చదివినప్పుడు అదే గుర్తుకొచ్చింది. అమెరికాలోని ఆ రాష్ట్రం నాలుగేళ్ళ పేదపిల్లలకు ఉచిత ప్రీస్కూళ్ళు నడుపుతోంది. సీట్లకంటే దరఖాస్తులు ఎక్కువైన చోట్ల లాటరీ తీశారు. దాంతో సీటు వచ్చినవాళ్ళను, రానివాళ్ళను పోల్చే మంచి వీలు పరిశోధకులకు దొరికింది. దాదాపు 3,000 మంది పిల్లలు. ఏడాది చివర బడికి వెళ్ళినవాళ్ళే ముందున్నారు. ఆరో తరగతికి వచ్చేసరికి వాళ్ళే వెనకబడ్డారు. పరీక్షల్లోనూ వెనకే, క్రమశిక్షణ గొడవల్లోనూ వాళ్ళవే ఎక్కువ. ఎందుకిలా అయిందో తేల్చి చెప్పలేం. తరగతుల్లో రోజులో ఎక్కువ భాగం కూర్చోబెట్టి చెప్పడం, వరుసలో నిలబెట్టడం, ‘ఊరుకో’ అనడంతోనే గడిచిపోవడం ఒక కారణం కావచ్చని ఆ అధ్యయనంలో పనిచేసిన డేల్ ఫారన్ అనుమానం. మూడేళ్ళ పిల్లల బడి బాగుంటే మేలు చేస్తుంది, బాగాలేకపోతే ఖాళీగా ఉండదు, చెరుపు చేస్తుంది.

ఇక ఇంగ్లీషు. మీ ఇద్దరికీ వచ్చు, ఉద్యోగాలే అందులో. బాబుతో ఇంగ్లీషులో నాలుగు ముక్కలు మాట్లాడితే తప్పు లేదు, రెండు భాషలు పిల్లల బుర్రకు బరువు కావు. ఉన్న భాషను ఇంట్లోంచి తీసేయమనడం మాత్రం వేరే సంగతి. దానికి పరిశోధనల దన్ను లేదు. కెనడాలో జిమ్ కమిన్స్ అనే విద్యా పరిశోధకుడు 1979 నుంచీ చెబుతున్నది ఏమిటంటే, రెండో భాష మొదటి భాష భుజాల మీద ఎక్కి నిలబడుతుంది. కారణం అడగడం, జరిగింది వరుసగా చెప్పడం, రెండు వస్తువుల్లో తేడా పట్టడం, ఇవి ఒక భాషలో అబ్బితే రెండో భాషలోకి నడిచి వస్తాయి. మొదటిదే ఆగిపోతే రెండోదానికి నిచ్చెన ఎక్కడిది?

2018లో అమెరికాలో ఎం.ఐ.టి. పరిశోధకులు నాలుగు నుంచి ఆరేళ్ళ పిల్లలకు రెండు రోజులు చిన్న రికార్డర్లు తగిలించి ఇంట్లో మాటలన్నీ లెక్కపెట్టారు. వాళ్ళ మెదడు స్కాన్లు కూడా తీశారు. 36 మంది పిల్లలే, చిన్న అధ్యయనం. అయినా తేలింది ఆసక్తికరంగా ఉంది. పిల్లల చెవిన ఎన్ని మాటలు పడ్డాయన్నదాని కంటే, పెద్దలూ పిల్లలూ వంతులవారీగా ఎన్నిసార్లు మాట అందుకున్నారన్నదానికే మెదడులోని భాషా భాగం చురుకుదనంతో ఎక్కువ సంబంధం కనబడింది. ఇంటి ఆదాయాన్ని పక్కన పెట్టి చూసినా అంతే. అంటే వాడు ఒకటి అనాలి, మీరు దానికి తగ్గట్టు ఒకటి అనాలి, వాడు మళ్ళీ ఇంకొకటి.

ఇప్పుడు మీ వంటింటి గడప దగ్గర కూర్చున్న మీ అత్తగారిని ఊహించుకుంటున్నాను. భీమిలి వైపు మనిషి కాబట్టి చేపలు తెలిసే ఉంటాయి. తట్టలోంచి నెత్తళ్ళు తీసి తలలు తుంచుతుంటే వాడు పక్కన చతికిలబడి, ఇది చిన్నదెందుకు మామ్మా, కళ్ళు మూసుకోదెందుకు, దీనికి అమ్మ ఎక్కడుంది అని అడుగుతాడు. ఆవిడ వంజరం ఎంత పొడుగుంటుందో చేయి చాచి చూపిస్తారు, చందువా ఎంత పలచనో అరచెయ్యి చూపిస్తారు, సముద్రం మీద గాలి తిరిగితే పడవలు ఎందుకు వెళ్ళవో చెబుతారు. పరిమాణం, పోలిక, కారణం, అన్నీ అందులోనే ఉన్నాయి. ఆ పాఠాన్ని ఆవిడ చేత ‘ఫిష్’ అనిపించి ముగించేశాం మనం. ఇంగ్లీషు రాదని ఆవిడ మౌనంగా ఉన్న ప్రతి పూటా వాడికి పోతున్నది ఇంత. వాడికి ఇంగ్లీషు రాకుండా పోతుందన్న బెంగ మాత్రం వద్దు. విశాఖలో ఐటీ ఉద్యోగి ఇంట్లో పెరిగే పిల్లవాడి చుట్టూ అది గాలిలా ఉంటుంది.

మూడేళ్ళకు రాయించడం గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. మూడేళ్ళ వయసుకు వాటిలో సగం కూడా గట్టి ఎముకగా మారి ఉండవు, ఇంకా మెత్తగానే ఉంటాయి. ఆ చేతికి పిండి ముద్ద, ఇసుక, తడి గోడ మీద సుద్ద, చింతగింజలు ఏరడం సరిపోతాయి. నాలుగు గీతల పుస్తకం తర్వాత. చదవడంలోనూ తొందర అక్కర్లేదు. న్యూజీలాండ్‌లో సెబాస్టియన్ సగ్గేట్ బృందం ఐదేళ్ళకు చదవడం మొదలుపెట్టిన పిల్లలను, ఏడేళ్ళకు మొదలుపెట్టినవాళ్ళను పోలిస్తే, పదకొండేళ్ళు వచ్చేసరికి చదవడంలో తేడా మిగల్లేదు. మన లిపుల సంగతి మరీనూ. కన్నడ పిల్లల మీద సోనాలీ నాగ్ చేసిన పరిశోధనలో అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు పూర్తిగా పట్టుబడడం నాలుగైదు తరగతుల దాకా సాగుతుందని తేలింది. తెలుగు లిపి దాని తోబుట్టువే. అంత పొడుగు దారిలో మూడేళ్ళప్పుడే పరుగెత్తించి ఏం చేస్తాం?

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా ఉంది, ఎందుకంటే మన దగ్గర ఫిన్లాండ్ పేరు చెప్పి ఏదైనా అనేస్తున్నారు. అక్కడ ఏడేళ్ళకు గాని ఒకటో తరగతి లేదు, నిజం. దానర్థం అంతవరకు పిల్లలను ఇంట్లో వదిలేస్తారని కాదు. చక్కగా శిక్షణ పొందినవాళ్ళు నడిపే బాలల కేంద్రాలు ఉన్నాయి, ఆరేళ్ళ వయసులో ఒక ఏడాది పూర్వప్రాథమిక విద్య 2015 నుంచి తప్పనిసరి కూడా. అక్షరాలు దిద్దించకపోవడం వేరు, ఏమీ చేయకపోవడం వేరు.

కాబట్టి మీ బాబును బడికి పంపవద్దని నేను అనడం లేదు. తోటిపిల్లలు కావాలి వాడికి. బొమ్మ కోసం పోట్లాడి, మళ్ళీ కలిసి ఆడుకోవడం మామ్మ దగ్గర రాదు, మామ్మ ఎప్పుడూ ఓడిపోతుంది గనక. ఇంగ్లండ్‌లో 1997 నుంచి సుమారు 3,000 మంది పిల్లలను వెంబడించిన పెద్ద అధ్యయనంలో తేలిన రెండు సంగతులు మీకు అచ్చంగా పనికొస్తాయి. మొదటిది, మంచి ప్రీస్కూలుకు వెళ్ళిన పిల్లలు ఇంట్లోనే ఉన్నవాళ్ళకంటే ముందున్నారు, కానీ పూటబడికి వెళ్ళినా రోజంతా వెళ్ళినా దాదాపు ఒకటే. రెండోది, తల్లిదండ్రుల చదువు, ఉద్యోగం ఏమిటన్నదాని కంటే ఇంట్లో పిల్లలతో ఏం చేస్తారన్నదే ఎక్కువ ముఖ్యం.

అందుకే నా సలహా: ఇంటికి దగ్గర్లో, పూట మాత్రమే నడిచే బడి. మధురవాడ నుంచి యెండాడ, హనుమంతవాక దాటి ఎం.వి.పి. కాలనీకి ఉదయం వేళ వ్యానులో వెళ్ళి రావడమంటే ఏమిటో మీరు రోజూ ఆఫీసుకు వెళ్ళే మనిషి, మీకు చెప్పాలా? ఆ సమయంలో వాడు నిద్రపోనైనా పోవచ్చు, మీ వీధిలో కుక్కపిల్ల వెనక పరుగెత్తనైనా పరుగెత్తవచ్చు. ఈ వయసు పిల్లలు రోజుకు మూడు గంటలు కదులుతూ ఉండాలని, తెర ముందు గంటకు మించి కూర్చోకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. స్మార్ట్ బోర్డు కూడా తెరే సుమా.

అంగన్‌వాడీ మాట. నలుగురూ ఏమనుకుంటారో అన్నారు. అది మాత్రం పరిశోధనలు తీర్చే సందేహం కాదు. తమిళనాడులో 640 అంగన్‌వాడీల్లో ఒక ప్రయోగం జరిగింది. కొన్ని కేంద్రాల్లో పూర్వప్రాథమిక బోధన కోసం సగం పూట పనిచేసే మరో మనిషిని అదనంగా పెట్టారు, అంతే. చదువు చెప్పే సమయం రెండింతలయింది, పిల్లలకు భాష, లెక్కలు మెరుగయ్యాయి, ఎదుగుదల కుంటుపడడం కూడా తగ్గింది. మన అంగన్‌వాడీ కార్యకర్త చేతకానిది కాదు. గుడ్లు, పాలు, తూకాలు, రిజిస్టర్లు, ఫోన్ యాప్‌లు అన్నీ ఆమె నెత్తినే పెట్టి, పైన పాటలు పాడమంటున్నాం. అస్సాం, రాజస్థాన్, తెలంగాణల్లో సుమారు 14,000 మంది పల్లెపిల్లలను నాలుగేళ్ళ వయసు నుంచి ఎనిమిదేళ్ళ దాకా వెంబడించిన మన దేశపు అధ్యయనం కూడా ఉంది. ప్రభుత్వ కేంద్రాల్లో చాలాచోట్ల చెప్పడమే తక్కువ, ప్రైవేటు బడుల్లో ఒకటో తరగతిని కిందికి దించి చెప్పడం ఎక్కువ, ఆటలతో నేర్పే చోట్లు రెండింటా అరుదు అని అది తేల్చింది. అందువల్ల బయట పెట్టిన పేరు బోర్డును బట్టి నమ్మకండి, రెండూ వెళ్ళి చూడండి. అన్నట్టు, ‘మాంటిస్సోరి’ అన్న పేరు కూడా ఎవరి సొత్తూ కాదు, ఎవరైనా రాసుకోవచ్చు.

చూడడం ఎలాగంటే, ఉదయం పది గంటల వేళ వెళ్ళి అరగంట కూర్చుంటామని అడగండి. ఒప్పుకోకపోతే జవాబు దొరికినట్టే. ఒప్పుకుంటే గోడల మీద బొమ్మలు చూడకండి, చెవులు పెట్టి వినండి. గదిలో ఎవరి గొంతు ఎక్కువ వినిపిస్తోంది? టీచరు తనకు జవాబు తెలియని ప్రశ్న ఒక్కటైనా అడుగుతోందా? ‘ఇది ఏ రంగు’ అన్నది అలాంటి ప్రశ్న కాదు. ‘నిన్న వానలో మీరేం చేశారు’ అన్నది అలాంటిది. ఏడుస్తున్న పిల్లవాడి దగ్గరికి ఎవరు వెళుతున్నారు, ఎంతసేపటికి, ఏ భాషలో ఓదారుస్తున్నారు? మరుగుదొడ్డి చూడండి. ఆయాతో రెండు మాటలు మాట్లాడండి, ఎన్నేళ్ళుగా పనిచేస్తోందో అడగండి. ఏడాదికోసారి మనుషులు మారే చోట పిల్లలు ఎవరికి అలవాటుపడతారు? బాలల హక్కుల జాతీయ సంఘం ప్రైవేటు ప్లేస్కూళ్ళకు ఇరవై మందికి ఒక టీచరు, ఒక ఆయా ఉండాలని చెప్పింది. లెక్కపెట్టండి.

మీ అత్తగారికి ఏం చెప్పాలో తోచకపోతే, ఏమీ చెప్పకండి. ఆదివారం పొద్దున్న ఆవిడనూ బాబునూ ఫిషింగ్ హార్బర్‌కో, రైతుబజారుకో తీసుకెళ్ళి, బేరం ఆవిడకు వదిలేసి మీరు వెనక నడవండి. ఇంటికొచ్చాక మీ ఆయన చేత అనిపించండి, అమ్మా, వీడికి నువ్వు చెప్పే మాటలు బడిలో చెప్పలేరట అని. కొడుకు నోటి వెంట వస్తే ఆ మాటకు బరువు వేరు.

అడ్వాన్సు నెలాఖరు దాకా కట్టనవసరం లేదు గనక తొందరపడకండి. కట్టినా, తిరిగి ఇస్తారో లేదో రసీదు మీద రాయించుకోండి. ఈలోగా ఎం.వి.పి. కాలనీ బడినీ, ఇంటి దగ్గరి పూటబడినీ, వీధి చివర అంగన్‌వాడీనీ చూసి రండి. శనివారం మాత్రం వెళ్ళకండి, శనివారాలు ఏ బడైనా పండగలాగే కనిపిస్తుంది.